గృహపరిశ్రమలు: రంపపు బల్ల

నిర్మల్ నుండి ఒక సోదరి ఈ నెల మాకు జాబు వ్రాసినది. ఆమె అత్తవారిది బొమ్మలు చేయు కుటుంబము. ఆ యింట చెక్కుట మగవారి పనిగాను, రంగులు వేయుట ఆడువారి పనిగాను నడచుచు వచ్చినది. ఇప్పుడు చెక్కువారు తగ్గిరి. "పలకలు కోయించుటకై కోతమిల్లు చుట్టు తిరిగి తిరిగి విసిగినాము. చిన్న రంపపు బల్ల యొకటి కొని, పీటలకును, పెట్టెలకును, బొమ్మల అడుగుపలకలకును కావలసిన చెక్క నేనే కోసికొందునని యున్నది. మా అత్తమ్మ వద్దనుచున్నది. మీ మాట యేమి?" అని ఆమె యడిగినది.

అత్తమ్మగారి భయము కారణము లేనిది కాదు. కరీంనగరమునను, ఆదిలాబాదునను కొయ్యపనివారి చేతులు మేము చూచి యున్నాము. వ్రేలి కొస లేనివారు వారిలో లేకపోలేదు. అయినను ఈ సోదరి కోరిక తప్పని మేమనము. ఆ భయము ఉండవలసిన చోట నున్నదా యనియే మా సందేహము. రంపపు పండ్లను చూచి యెల్లరును భయపడుదురు. బల్లపైనున్న చెక్కను చూచి భయపడువారు తక్కువ. ప్రమాదము మాత్రము తరచుగా ఆ చెక్కనుండియే బయలుదేరును. ఈ సంగతి తెలిసినచో తక్కిన జాగ్రత్త లన్నియు సులభముగా బోధపడును గనుక, దానినే కొంత విస్తరించి వ్రాయుచున్నాము.

ముందు యంత్రమును గూర్చి రెండు మాటలు. బల్ల నడుమ నొక చీలిక యుండును. ఆ చీలికనుండి గుండ్రని రంపపు బిళ్ళ కొంతభాగము పైకి వచ్చి యుండును. మోటారు క్రింద నుండును. మన వడ్రంగులు దీనిని కటింగ్ మిషను అని పిలుచుచున్నారు. చేతిరంపముతో కోయునప్పుడు చెక్క నిలిచి యుండును, రంపము కదలును. ఇచ్చట రంపము తన చోటనే తిరుగుచుండును, చెక్కను మనము దానిమీదికి నడుపవలెను. పది అంగుళముల బిళ్ళ నిమిషమునకు 4000 చుట్లు తిరిగినచో, దాని పండ్లు గంటకు 190 కిలోమీటర్ల వేగమున పోవుచున్నవని లెక్క. కాజీపేట బల్లార్షా మార్గమున ఏ రైలుబండియు అంత వేగమున పోదు.

ఈ రంపము పుట్టుకలో నొక స్త్రీ పేరు వినబడుట మన పాఠకురాండ్రకు సంతోషము కలిగించును. ఇంగ్లాండులోని సౌతాంప్టన్ నివాసి సామ్యూల్ మిల్లరు 1777లో పొందిన పేటెంటులో గుండ్రని రంపము ప్రసక్తి యున్నది. అమెరికాలో మాత్రము, షేకరు మతశాఖకు చెందిన టాబితా బాబిట్ అను నామె 1813 ప్రాంతమున దీనిని కనిపెట్టినదని చెప్పుకొందురు. ఇద్దరు పురుషులు చెరియొక కొస పట్టి దుంగను కోయుచుండగా, రంపము ఒక దిక్కునకు పోవునప్పుడే కోయుచున్నదనియు, తిరిగి వచ్చునప్పటి శ్రమ వృథాయనియు ఆమె గ్రహించి, తన రాటపు చక్రమును చూచి గుండ్రని రంపము నూహించినదట. ఈ కథను పండితులందరు నొప్పుకొనలేదు. రాటము త్రిప్పు చేతికి ఇట్టి యాలోచన తోచుట వింత కాదని మాత్రము మాకు తోచును.

ఇక ముఖ్యవిషయము. బిళ్ళ ముందువైపు పండ్లు, అనగా మన దిక్కున నున్న పండ్లు, పైనుండి క్రిందికి దిగుచుండును. అవి చెక్కను బల్లకు అదిమిపెట్టి కోయును. వెనుకవైపు పండ్లు క్రిందినుండి పైకి లేచుచుండును. కోత సరిగా సాగినంతసేపు ఆ వెనుక పండ్లకు పని లేదు, కోసిన చాలులో ఊరక తిరుగుచుండును. చెక్క రవ్వంత ప్రక్కకు తిరిగినను, చాలు మూసికొని బిళ్ళను కరచినను, ఆ పండ్లు చెక్కను పట్టి పైకెత్తి మన దిక్కునకు విసరివేయును. ఇందుకు రెప్పపాటు కాలమైనను పట్టదు. ఆ చెక్క కడుపునకో ముఖమునకో తగులుట యొక కీడు. అంతకంటె పెద్దది మరియొకటి కలదు. చెక్కను అదిమి త్రోయుచున్న చేయి, చెక్క పోయిన పిదప ఆ యూపుననే బిళ్ళమీదికి జారును. "చెయ్యి యెట్ల పోయిందో తెల్వలే" అని దెబ్బతిన్నవారు చెప్పుట యిందువలననే. వారు అజాగ్రత్తగా చేయి చాచినవారు కారు. వారి చేతిక్రింది ఆధారము తొలగిపోయినది.

మా తొలికోతలలో నొకటి ఇట్లే చెడినది. పాత తలుపునుండి తీసిన టేకుముక్క. అది వంపు తిరిగి యున్నదని తెలిసియు, పారవేయ మనసొప్పక బల్లపై పెట్టితిమి. సగము కోసితిమో లేదో ఒక్క చప్పుడైనది. చూచుసరికి ముందర చెక్క లేదు. అది మా ప్రక్కగా పోయి వెనుకగోడకు తగిలి సున్నపు పెచ్చు రాల్చినది. బిళ్ళకు ఎదురుగా నిలువక ఎడమప్రక్కకు తొలగి నిలుచుట మాకు నేర్పినవారి పుణ్యమున ఏమియు కాలేదు. ఆ గుంటను ఇంతవరకు పూడ్పించలేదు, ఇకమీదట పూడ్పింపము.

చాలు మూసికొనకుండుటకు యంత్రముననే యొక సాధనము కలదు. బిళ్ళ వెనుక, దానికి కొద్దిగా ఎడముగా నిలుచు ఉక్కురేకు అది. కోసిన చాలులో ఈ రేకు దూరి యుండుటచేత చెక్క రెండు వైపులు కలిసికొనజాలవు, చెక్క ప్రక్కకు తిరిగి వెనుక పండ్లమీద పడుటయు కష్టము. బిళ్ళను ఎత్తినను దించినను ఆ రేకు దానితోపాటు కదలునట్లుండుట మేలు. యంత్రము కొనబోయినప్పుడు అంగడివానిని మొదట అడుగవలసినది మోటారు బలము కాదు, ఈ రేకు ఉన్నదా యనియే. బిళ్ళను కప్పు పారదర్శకమైన మూత రెండవది. ఈ రెండింటిని "పనికి అడ్డము" అని తీసివేసి మూల పెట్టుట మన దేశమున సర్వసాధారణము. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ప్రమాదకరమైన యంత్రభాగములకు కాపు గట్టుటను తప్పనిసరి చేసినది. ఇంటి కొట్టములోని యంత్రమును పరీక్షించుటకు ఏ ఇన్‌స్పెక్టరును రాడు గనుక, ఇచ్చట చట్టము మనమే.

అంతకంటె ఘోరమైన ఆచార మొకటి కలదు. ఇండ్లు కట్టుచున్న చోట్ల, చేతితో పట్టుకొని వాడవలసిన కోతయంత్రమును ప్లైవుడ్ పలకక్రింద తలక్రిందులుగా బిగించి, దాని మీట తెరచియే యుండునట్లు దారము చుట్టి, దానినే రంపపు బల్లగా వాడుచుందురు. రేకు లేదు, మూత లేదు, ఆపదలో చేతికందు మీటయు లేదు. కొందరు రాయి కోయు మార్బులు కట్టరునకే చెక్క కోయు పండ్లబిళ్ళ తగిలింతురు. ఆ యంత్రము నిమిషమునకు 12000 చుట్లకు పైబడి తిరుగును. కొయ్యబిళ్ళలలో పెక్కింటికి అంత వేగము తట్టుకొను శక్తి లేదు, పండ్లు ఊడి ఎగురవచ్చును. కరీంనగరమున ఒక ఇంటి పని చూడబోయినప్పుడు అట్టి బల్లదగ్గరనున్న పనివాడు మమ్ము చూచి, "జర దూరం నిలవడుండ్రి అమ్మా, గిది ఎవ్వల మాట ఇనది" అన్నాడు. తాను మాత్రము దాని ముందరనే కూర్చుండి యుండెను. పొట్ట గడుపుకొనువానిని నిందింపజాలము. కాని నేర్చుకొను స్త్రీ అట్టి బల్లను తాకనే రాదు. చవుకగా చేసి యిచ్చెదమని ఇంటివారే ముందుకు వచ్చినను ఒప్పుకొనరాదు.

అమెరికాలో స్టీఫెన్ గాస్ అను నతడు 1999లో ఒక యుక్తి కనిపెట్టెను. మనిషి చర్మము తగిలినంతనే యంత్రము గ్రహించి, అల్యూమినియపు దిమ్మెను పండ్లలోనికి నెట్టి, సెకండులో రెండువందలవ వంతు కాలములోనే బిళ్ళను నిలిపివేయును. సాస్టాప్ అను పేర అట్టి యంత్రములు 2004 నుండి అమ్మకమునకు వచ్చినవి. చవుక యంత్రములలో ఈ సౌకర్యము లేదు. కావున మన వ్రేళ్ళకు మన యలవాట్లే కాపు.

అలవాట్లలో మొదటిది కట్టుబట్ట. చీరతో పనిచేయరాదని మేమనము, కొంగు వ్రేలాడరాదు. కొంగును నడుమునకు గట్టిగా చుట్టి దోపవలెను. పొడుగుచేతుల వదులు రవికలు పనికిరావు. చున్నీ వేసికొనువారు దానిని తీసి దూరముగా పెట్టవలెను. జడను ముడివేసి గుడ్డ కట్టుకొనవలెను. పుస్తెలతాడు రవిక లోపలికి పోవలెను. ఇక గాజుల మాట. పని యున్నంతసేపు తీసి దేవునిగూటిలో పెట్టి, ముగిసిన వెంటనే తొడుగుకొనుడని మా సలహా. అశుభమని సందేహించు పెద్దలతో మేము వాదింపము. ముంజేయి నిలుచుటకే ఈ పాటు పడుచున్నామని మాత్రము వారికి మనవి చేయుడు. బిగువుగా నుండి రాని గాజులైనచో పైకి నెట్టి, మణికట్టునుండి సాగుడు గుడ్డపట్టీ కదలకుండ చుట్టుడు. ఉంగరములు తప్పక తీయవలెను. చేతితొడుగులు వేసికొనుట క్షేమమని పలువురు తలంతురు. ఈ యంత్రము దగ్గర అవి శత్రువులు. పన్ను చర్మమును గీరినచో గాయముతో పోవచ్చును, గుడ్డను పట్టినచో చేతినంతయు లోపలికి లాగును. కండ్లకు మాత్రము అద్దములు, ముక్కునకు మంచి మాస్కు, చెవులకు దూది కాక తగిన బిరడాలు ఉండవలెను.

రెండవది చెక్క నెన్నుకొనుట. ఒక ముఖము చదునుగాను, ఒక అంచు తిన్నగాను ఉన్న చెక్కనే బల్లపై పెట్టవలెను. అంచు తిన్నగా లేనిచో ముందు రందపట్టి సరిచేయుడు. గుండ్రని కొమ్మను, వంకర పలకను, పచ్చిచెక్కను పెట్టరాదు. పచ్చిచెక్క కోయుచుండగనే ముడుచుకొని బిళ్ళను పట్టును. పాత తలుపులు, దూలముల టేకు మన ప్రాంతమున చవుకగా దొరకును గాని వానిలో మేకులుండును. అయస్కాంతపు ముక్కను చెక్కమీద నిదానముగా నడిపి వెదకుడు. టేకులో ఇసుకవంటి సిలికా పదార్థము కలదు. అందుచేత పండ్లు త్వరగా మొద్దుబారును. మొద్దు బిళ్ళకు ఎక్కువ బలముతో త్రోయవలసి వచ్చును, బలముతో త్రోయు చేయియే జారును. కావున బిళ్ళ పదును చూచుకొనుట పొదుపునకే కాదు, ప్రాణమునకును సంబంధించిన పని. బిళ్ళ మార్చునప్పుడును, ఎత్తు సవరించునప్పుడును ప్లగ్గు గోడనుండి ఊడదీసి కంటి యెదుట పెట్టుకొనవలెను.

కోత మొదలుపెట్టు విధమిది. బిళ్ళ చెక్కమందముకన్న ఒక పంటి యెత్తు మాత్రమే పైకి రావలెను. చెక్క అంచు ఆనుకొను గైడు పట్టీ, బిళ్ళకు ముందువైపునను వెనుకవైపునను ఒకే దూరమున నున్నదో లేదో కొలబద్దతో చూడవలెను. వెనుకవైపు సన్నగిల్లినచో చెక్క నలిగి వెనుకకు తన్నును. గైడు పట్టీ కుడివైపున నున్నచో మనము బిళ్ళకు ఎడమగా నిలువవలెను. బిళ్ళ పూర్తివేగము పొందిన తరువాతనే చెక్కను తాకింపవలెను. బలము గైడు పట్టీకిని బిళ్ళకును నడుమనున్న భాగమునందే ఉండవలెను, ఆ భాగమును బిళ్ళను దాటిపోవువరకు ఆపక నడుపవలెను. అవతలి ముక్కను చేత తాకనే వలదు. మీట ఆపిన తరువాత బిళ్ళ కొన్ని క్షణములు తిరుగుచునే యుండును. అది పూర్తిగా నిలిచిన పిదపనే ముక్క తీయుడు. ప్రమాదములు కోయునప్పుడే కాదు, కోసిన ముక్కను తుడిచివేయబోయినప్పుడును కలుగును.

ఆరంగుళములకన్న సన్నని పట్టీ కోయవలసి వచ్చినచో చేయి బిళ్ళకు చేరువగును. అందుకు తోపుడుపుల్ల కావలెను. మూరెడు చెక్కకు కొసయందు పక్షిముక్కువలె గంటు కోసినచో చాలును. ఇట్టివి రెండు చేసి, యంత్రము ప్రక్కన చేతికందునట్లు వ్రేలాడదీయుడు. పని మధ్యలో వెదుకవలసి వచ్చినచో ఎవరును వెదుకరు, చేతితోనే త్రోయుదురు. పుల్ల కొస పండ్లపాలైనచో సంతోషింపుడు, మరియొకటి చేసికొనవచ్చును.

అడ్డుకోతకు వేరు గైడు ఉండును. చెక్కను దానికి ఆనించి రెంటిని కలిపి నడుపవలెను. అప్పుడు నిలువుకోత గైడు పట్టీకి కూడ చెక్క కొసను తగిలించి కోసినచో, తెగిన ముక్క బిళ్ళకును పట్టీకిని నడుమ చిక్కుకొని తప్పక ఎగురును. అనుభవము గలవారును ఈ తప్పు చేయుదురు. గైడు ఏదియు లేక, వట్టి చేతులతో గీతవెంబడి కోయుట ఎన్నడును వలదు.

నిర్మల్ సోదరికి ప్రత్యేకముగా నొక మాట. బొమ్మల కాళ్ళును, తోకలును, రెక్కలును ఈ బల్లమీద కోయదలపవలదు. అడుగు పొడవున లేని ముక్కను నిలువుకోతకు పెట్టరాదు. పొణికి చెక్క మిక్కిలి మెత్తనిది, తేలికయైనది. తేలిక ముక్క విసరుటకు మరింత సులభము. మీ పెద్దలు బొమ్మ అవయవములను వేర్వేరుగా చేతిపనిముట్లతో చెక్కి, చింతగింజల లప్పముతో అతికించు పద్ధతి తెలివిమాలినదై నిలువలేదు. మీ యూరు 2016లో ఆదిలాబాదునుండి వేరుపడి జిల్లాకేంద్ర మైనను, 1955లో సహకార సంఘము ఏర్పడినను, ఆ పద్ధతి మారకుండుటకు చెక్క స్వభావమే కారణము. పెద్దపలకను పట్టీలుగా చీల్చుటకు మాత్రమే బల్లను వాడుడు, పిదప పని ఉలికిని, చేతిరంపమునకును అప్పగింపుడు.

అసలు మొదటి నెల చేతిరంపముతోనే కోయుడని మా కోరిక. చెక్క ఎచ్చట బిగియునో, ఎచ్చట చీలునో చేతికి తెలియును. బల్ల వచ్చిన తరువాత, ప్లగ్గు తీసివేసి, బిళ్ళను బల్లక్రిందికి దించి, చెక్కను పదిసార్లు నడిపి చూడుడు: చేయి ఎచ్చట నుండును, తోపుడుపుల్ల ఎప్పుడందుకొనవలెను, చివర ఎటు తొలగవలెను. అలసియున్నప్పుడును, పొయ్యిమీద పాలు పెట్టి వచ్చినప్పుడును, పిల్లవాడు పిలుచుచున్నప్పుడును మీట వేయరాదు. ఇంటి స్త్రీకి తీరిక తక్కువ, కావున ఈ నియమము కఠినమైనదే. తలుపు గడియవేసికొని అరగంట దొరకినప్పుడే పని పెట్టుకొనుడు. ఎవరైనను పిలిచినచో కోత పూర్తిచేసి, బిళ్ళ నిలిచినాక పలుకుదునని ఇంటిల్లిపాదికి ముందే చెప్పి యుంచుడు.

కరెంటు పోవుట మన యూళ్ళలో వింత కాదు. పోయిన వెంటనే మీట ఆపుడు. మరచి చెక్క సరిచేయుచుండగా కరెంటు తిరిగి వచ్చినచో బిళ్ళ తనంతట తాను తిరుగును. కరెంటు పోయినప్పుడు తానే విడివడి, మరల మనము నొక్కువరకు పనిచేయని మీటలు కలవు, అదియే కొనుడు. ఎర్తు తీగె లేని గోడకు ఈ యంత్రమును తగిలింపరాదు. పని ముగిసినంతనే ప్లగ్గు తీసి, పిల్లల చేతికందకుండ చుట్టిపెట్టుడు.

ఇన్ని చెప్పియు ఈ మాట చెప్పకుండ విడువరాదు. వ్రేలు తెగినచో శుభ్రమైన గుడ్డతో గాయమును గట్టిగా అదిమి, చేయి పైకెత్తి పట్టి, 108కి ఫోను చేయవలెను. తెగిన భాగమును తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో నీరు చొరకుండ కట్టి, ఆ సంచిని మంచుగడ్డలు కలిపిన నీటిలో పెట్టవలెను. మంచుమీద నేరుగా పెట్టినచో కండ చచ్చును. పసుపు, కాఫీపొడి వంటివి గాయమున వేయరాదు. అతికింపగల శస్త్రవైద్యులు ప్రతి యూర లేరు గనుక, ఎచ్చట కలరో యంత్రము కొన్న దినముననే కనుగొని, ఆ ఫోను నంబరు కొట్టము గోడమీద వ్రాసి పెట్టుడు. ఆ యంకెలు చదువగలవారు ఇంట మరియొకరుండవలెను, ఒంటరిగా నున్నప్పుడు పని వలదు.

చివరగా పొట్టు. టేకుపొడి కొందరి చర్మమునకు దురద పుట్టించును. ఎల్లకాలము కొయ్యపొడి పీల్చుట ముక్కు లోపలి క్యాన్సరునకు హేతువని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో నిర్ణయించినది. చీపురుతో ఊడ్చి రేపక, ముందు నీళ్ళు చిలుకరించి, తడిగుడ్డతో తీయుడు. వంటపొయ్యి దగ్గర నిలువ చేయరాదు, సన్నని పొడి భగ్గున అంటుకొనును. మెత్తని చెక్కపొట్టును మాత్రము జల్లించి విడిగా దాచుడు. లప్పములో కలుపుటకు అది మీ యింటనే కావలసివచ్చును, అత్తమ్మగారు అడిగి తీసికొందురు.